పాతిక వేల నుంచి నలభై వేల లోపు కొత్త టీవీ: ఎలా ఎంచుకోవాలి

మీ ఇంట్లో టీవీ ఎక్కువసేపు చూసేది ఎవరు? షాపుకు బయలుదేరే ముందు ఇది తేల్చుకోండి. డబ్బు పెట్టేది కొడుకు కావచ్చు, ఫోన్‌లో మోడళ్లు వెతికేది కాలేజీ పిల్లలు కావచ్చు. కానీ పొద్దున భక్తి కార్యక్రమాల నుంచి రాత్రి సీరియళ్ల దాకా రిమోట్ పట్టుకుని కూర్చునేది చాలా ఇళ్లలో అమ్మ, నాయినమ్మ, లేదంటే రిటైరైన బాపు. టీవీ వాళ్లకు నప్పాలి. హన్మకొండ చౌరస్తా దగ్గరైనా, వరంగల్ జేపీఎన్ రోడ్డులోనైనా షాపులో వెలిగిపోయే బొమ్మ కంపెనీ వాళ్లు ప్రత్యేకంగా తీసి ఇచ్చిన 4కె వీడియో. మీ హాల్లో రోజూ వచ్చేది కేబుల్ బొమ్మ. ఆ రెండింటికీ మధ్య తేడా తెలియక కొన్న టీవీ ఎంత ఖరీదైనదైనా ఇంట్లో మసకగానే కనిపిస్తుంది.

అందుకే సగం పని ఇంట్లోనే చేయాలి. షాపులో చేసేది మిగతా సగం.

మొదట: మీ ఇంటికి బొమ్మ ఎలా వస్తోంది?

కేబుల్ వాళ్లు ఇచ్చిన మామూలు సెట్‌టాప్ బాక్స్ బొమ్మలో 576 గీతలే ఉంటాయి. హెచ్‌డీ ఛానల్లో 1080 గీతలు. 4కె టీవీ తెర మీద 2160. అంటే మామూలు బాక్స్ పెడితే, లేని గీతలను టీవీయే ఊహించి నింపుకోవాలి. తెర పెద్దదయ్యే కొద్దీ ఆ అతుకులు బయటపడతాయి. ముఖాలు మైనం పూసినట్టు, స్క్రోలింగ్ అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. టీవీ కొని నెల తిరగకముందే 'పాత టీవీయే నయం' అనే మాట ఇంట్లో వినిపించేది ఎక్కువగా ఇందువల్లే.

కాబట్టి కొనే ముందు మీ కేబుల్ అన్నకు ఫోన్ చేయండి. హెచ్‌డీ బాక్స్ ఉందా, ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమిని వంటి మీ ఇంట్లో నిజంగా చూసే ఛానళ్లు హెచ్‌డీలో ఇస్తారా, నెలకు ఎంత పెరుగుతుంది, ఈ మూడే అడగండి. అన్ని ఛానళ్లూ హెచ్‌డీలో అక్కర్లేదు. మూడో నాలుగో చాలు. ఆ ఖర్చును కూడా టీవీ బడ్జెట్‌లో కలిపి లెక్కేసుకోండి.

ఇంకో సంగతి. ఎరుపు, తెలుపు, పసుపు మొనలున్న పాత వైరుతోనే కొత్త టీవీకి బాక్స్ తగిలించి వదిలేసిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పసుపు వైరు హెచ్‌డీ బొమ్మను మోయలేదు. హెచ్‌డీఎంఐ వైరు వేయించండి, బాక్స్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ 1080 పెట్టించండి. కొత్త టీవీ కొనాలన్న ఆలోచనకు కారణం బొమ్మ బాగా లేకపోవడమే అయితే, ముందు ఇది చేసి చూడండి. ఒక్కోసారి ఆ వైరు మార్చితే సరిపోతుంది.

ఊళ్లలో డిష్ పెట్టుకున్నవాళ్లకు వేరే కష్టాలు. గట్టి వాన పడితే సిగ్నల్ పోతుంది. డాబా మీద కోతులు డిష్‌ను పట్టుకుని ఊపితే దిశ మారిపోతుంది. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఫైబర్ నెట్ కనెక్షన్ మీ వీధి దాకా వచ్చి ఉంటే, టీవీతో పాటే దాని గురించి కూడా ఆలోచించడం మంచిది. 4కె సినిమా ఆగకుండా రావాలంటే 15 నుంచి 25 ఎంబీపీఎస్ వేగం కావాలి. మామూలు ఫైబర్ ప్లాన్లు అంత ఇస్తాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజూ టీవీ నడపడం మాత్రం పెట్టుకోకండి, డేటా నిలవదు.

తర్వాత: టేపు పట్టుకుని గోడ కొలవండి

అంగుళాలు చెప్పేది తెర మూల నుంచి మూలకు. ఇంట్లో మనకు కావలసింది వెడల్పు. 32 అంగుళాల తెర సుమారు 71 సెంటీమీటర్ల వెడల్పు, 43 అయితే 95, 50 అయితే 111, 55 అయితే 122. అంచులతో కలిపి ఇంకో ఒకటి రెండు సెంటీమీటర్లు వేసుకోండి. పాత ఇళ్లలో డబ్బా టీవీ కోసం కట్టిన సిమెంటు షోకేస్ ఉంటుంది. అందులో 32 పడుతుందేమో గానీ 43 పట్టదు. పట్టినా అంచులకు ఆనించి ఇరికించకండి. చుట్టూ కనీసం 10 సెంటీమీటర్లు గాలి ఆడాలి. మన మే నెల ఎండలకు గోడలే కాగుతుంటాయి, దానికి టీవీ వేడి తోడైతే లోపలి బోర్డులు తొందరగా పాడవుతాయి.

ఇక కూర్చునే చోటు నుంచి గోడకు ఎంత దూరం? టీవీ అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చవేస్తే 4కె బొమ్మకు తగిన దగ్గరి దూరం వస్తుంది. రెండున్నరతో హెచ్చవేస్తే, అంతకన్నా వెనక్కి జరిగితే పెద్ద తెర తీసుకున్న ప్రయోజనం తగ్గిపోయే దూరం. వచ్చిన అంగుళాలను 12తో భాగిస్తే అడుగులు తెలుస్తాయి: 43 అంగుళాల టీవీకి ఇది ఐదున్నర నుంచి తొమ్మిది అడుగులు. 55కు ఏడు నుంచి పదకొండున్నర అడుగులు. పది అడుగుల హాలు ఉండి, దివాన్ వెనక గోడకు ఆనుకుని ఉంటే 50 లేదా 55 బాగుంటుంది. ఎక్కువగా కేబుల్ మామూలు ఛానళ్లే చూస్తూ, హెచ్‌డీకి మారే ఉద్దేశం లేకపోతే 43 దగ్గర ఆగండి. నా మాటగా చెప్పాలంటే, ఈ బడ్జెట్‌లో చాలా ఇళ్లకు మంచి 43, నాసిరకం 55 కన్నా ఎక్కువ సంతోషం ఇస్తుంది. పడకగదికైతే 32 చాలు. ఆ సైజులో 4కె కోసం వెతకనక్కర్లేదు.

ఎవరు ఎక్కడ కూర్చుంటారో కూడా గమనించండి. అందరూ సోఫాలో ఎదురుగా కూర్చోరు. ఒకరు వంటింటి దర్వాజ దగ్గర కూరగాయలు తరుగుతూ చూస్తారు, ఇంకొకరు కింద చాప మీద కూర్చుని అన్నం తింటూ చూస్తారు. ఈ సంగతి తెర రకం ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

తెర మార్చలేరు, మిగతావి మార్చుకోవచ్చు

డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఇదే. టీవీలో యాప్‌లు నడిపే స్మార్ట్ భాగం నాలుగేళ్లకు నెమ్మదించినా, నాలుగైదు వేలు పెడితే హెచ్‌డీఎంఐకి తగిలించే స్టిక్ వస్తుంది, మళ్లీ కొత్తదానిలా నడుస్తుంది. శబ్దం చాలకపోతే సౌండ్‌బార్ పెట్టుకోవచ్చు. తెరను మాత్రం మార్చలేరు. ప్యానెల్, అంటే తెర, పోతే దాన్ని వేయించడం దాదాపు కొత్త టీవీ కొన్నంత పని అవుతుంది. అందుకే అట్ట మీద రాసిన ఇరవై విశేషాల్లో తెరకు సంబంధించినవే ముందు చూడండి.

ఈ ధరలో దొరికేవి ఎల్ఈడీ టీవీలు. క్యూఎల్ఈడీ అని రాసినా లోపల అదే ఎల్‌సీడీ తెర, వెనక ఎల్ఈడీ వెలుగు, మధ్యలో రంగులు మెరుగుపరిచే ఒక పొర అదనం. రెండు మూడు వేల తేడాతో వస్తే తీసుకోండి, రంగులు నిజంగానే నిండుగా ఉంటాయి. పేరు కలుస్తోంది కదా అని ఓఎల్ఈడీ అనుకోకండి. అది వేరే జాతి, ఈ బడ్జెట్‌కు అందదు.

తెరల్లో రెండు రకాలు ఎక్కువ. వీఏ తెరలో నలుపు చిక్కగా ఉంటుంది, లైట్లు ఆర్పి సినిమా చూస్తే బాగుంటుంది. కానీ పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్టవుతుంది. ఐపీఎస్ తెర పక్క నుంచీ బాగానే కనిపిస్తుంది, కాకపోతే చీకట్లో నలుపు కాస్త బూడిద రంగులోకి దిగుతుంది. చాలా షాపుల్లో ఏ తెరో అడిగితే చెప్పలేరు. అడగడం కన్నా మీరే పక్కకు నడిచి చూడడం మేలు. వంటింటి దర్వాజ దగ్గర కూర్చునే మనిషి మీ ఇంట్లో ఉంటే ఐపీఎస్ వైపు మొగ్గండి. ఎదురుగా కూర్చుని రాత్రిపూట సినిమాలు చూసే ఇద్దరు ముగ్గురే ఉంటే వీఏ.

హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ అంటే వెలుగు నీడల తేడా ఎక్కువగా ఉండే వీడియో రకాలు. ఆ ముద్ర ఉంటే అలాంటి వీడియోను టీవీ తీసుకోగలదని అర్థం. అందులోని మెరుపును చూపించగలదా లేదా అన్నది వెలుగు మీద ఆధారపడుతుంది. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. 300 నిట్స్ దగ్గరున్న తెర మీద ఆ తేడా పెద్దగా తెలియదు. దాని కోసం ఐదు వేలు ఎక్కువ ఇవ్వకండి. కానీ మీ హాల్లో కిటికీ టీవీకి ఎదురుగా ఉండి మధ్యాహ్నం వెలుగు తెర మీద పడేటట్టయితే, వెలుగు ఎక్కువున్న తెర కోసం డబ్బు పెట్టొచ్చు. 'మోషన్ రేట్' అని రాసే పెద్ద పెద్ద అంకెలు కంపెనీలు తమ లెక్కలో చెప్పుకునేవి. అసలు రిఫ్రెష్ రేట్, అంటే తెర సెకనుకు బొమ్మను ఎన్నిసార్లు మారుస్తుందన్నది, ఈ ధరలో చాలా వాటికి 60 హెర్ట్జ్. సీరియళ్లకు, క్రికెట్‌కు అది చాలు. పిల్లలు గేమింగ్ కన్సోల్ ఆడితేనే 120 గురించి ఆలోచించండి.

ర్యామ్ 2 జీబీ, స్టోరేజ్ 16 జీబీ ఉన్నది చూడండి. 1 జీబీ, 8 జీబీ ఉన్న టీవీల్లో యాప్‌లు కొన్నాళ్లకే ఇరుక్కుంటాయి. టీవీని నడిపే సాఫ్ట్‌వేర్ గూగుల్ టీవీ, ఎల్‌జీ వాళ్ల వెబ్ ఓఎస్, శామ్‌సంగ్ వాళ్ల టైజెన్, ఏదైనా ఫర్వాలేదు. మీరు చూసే తెలుగు యాప్‌లు, ఆహా, ఈటీవీ విన్ లాంటివి, అందులో ఉన్నాయో లేదో షాపులోనే యాప్ స్టోర్ తెరిచి వెతకండి. మరీ చవకగా దొరికే పేరులేని టీవీల్లో పైకి ఆండ్రాయిడ్ లాగే కనిపించినా గూగుల్ ధ్రువీకరణ ఉండదు. వాటిలో కొన్ని యాప్‌లు రావు, వచ్చినా హెచ్‌డీలో ఆడవు.

హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడు ఉండాలి, అందులో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉండాలి. రేపు సౌండ్‌బార్ తగిలించేది దానికే.

షాపులో అరగంట

వారం మధ్యలో, పొద్దున పూట వెళ్లండి. బతుకమ్మ, దసరా రోజుల్లో సాయంత్రం వెళితే సేల్స్‌మన్‌కు మీతో మాట్లాడే తీరిక ఉండదు. ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. అందులో మూడు వీడియోలు చాలు: మీరు చాలాసార్లు చూసిన ఒక పాట, రాత్రి సన్నివేశం ఉన్న ఒక సినిమా ముక్క, తెర మొత్తం ఒకే బూడిద రంగు నింపే వీడియో. ఎక్కువసేపు చూసే మనిషిని కూడా వీలైతే వెంట తీసుకెళ్లండి.

ముందు షాపు మోడ్ తీసేసి ఇంటి మోడ్ పెట్టమనండి. షాపు మోడ్‌లో వెలుగు, రంగు పూర్తిగా పెంచి ఉంటాయి, అలా ఏ టీవీ అయినా బాగుంటుంది. తర్వాత బూడిద రంగు వీడియోలో మరకలు, నిలువు చారలు ఉన్నాయేమో చూడండి. రాత్రి సన్నివేశంలో నల్ల చీర మడతలు కనిపిస్తున్నాయా, లేక అంతా ఒకే మచ్చగా ఉందా? రెండు పక్కలకూ నడవండి, కింద కూర్చునే ఎత్తు నుంచీ చూడండి, ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. పెద్దల చేతికి రిమోట్ ఇచ్చి ఛానల్ మార్చమనండి, శబ్దం పెంచమనండి. మైక్ నొక్కి తెలుగులో ఒక పాట పేరు చెప్పించి చూడండి. అంకెల బటన్లు లేని రిమోట్ కొందరు పెద్దవాళ్లకు ఇబ్బంది. కేబుల్ బాక్స్ రిమోట్‌తో పని జరుగుతుంది గానీ, అప్పుడు రెండు రిమోట్లు వాడాలి.

శబ్దం సంగతి నిజాయితీగా చెప్పాలి. సన్నటి టీవీల స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, 20 వాట్లు అని రాసినా మాటలు తేటగా వినిపించవు. వయసు మీద పడినవాళ్లు శబ్దం పెంచమని అడిగేది చాలాసార్లు మాట స్పష్టంగా లేకనే. షాపులో పాట పెట్టకండి, వార్తలు పెట్టి వినండి. మాట తేటగా వినపడితే చాలు. లేకపోతే తెర కాస్త చిన్నది తీసుకుని, మిగిలిన నాలుగైదు వేలు సౌండ్‌బార్‌కు దాచండి. ఇది నేను ఎవరికైనా ధైర్యంగా ఇచ్చే సలహా.

నచ్చిన టీవీ మోడల్ నంబర్ మొత్తం, చివరి అక్షరం దాకా, ఫోటో తీసుకోండి. ఒకే పేరుతో వచ్చే సిరీస్‌లో 43కు ఒక రకం తెర, 55కు ఇంకో రకం ఉండొచ్చు. అదే నంబర్‌తో ఆన్‌లైన్ ధర చూసి, షాపు వాళ్లను అడగండి. చాలామంది వెయ్యో రెండు వేలో తగ్గిస్తారు, లేదా గోడ స్టాండ్ ఉచితంగా ఇస్తారు.

సర్వీస్: మన జిల్లాల్లో దీని బరువు ఎక్కువ

హన్మకొండ, వరంగల్, కాజీపేటలో ఉన్నవాళ్లకు పెద్ద కంపెనీల టెక్నీషియన్ రావడం కష్టం కాదు. భూపాలపల్లి, ఏటూరునాగారం, మహబూబాబాద్ లోపలి ఊళ్లలో ఉన్నవాళ్లు మాత్రం కొనే ముందే కంపెనీ నంబర్‌కు ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, టెక్నీషియన్ ఇంటికి వస్తాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు అని అడగాలి. షాపు వాళ్ల మాట మీద ఆధారపడకండి, కంపెనీ వాళ్ల నోటితోనే చెప్పించుకోండి. ఆ నంబర్ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచో, అట్టపెట్టె మీద నుంచో తీసుకోండి. గూగుల్‌లో వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. ఓటీపీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

మీ పేటలో టీవీలు బాగుచేసే మెకానిక్ ఉంటే ఆయననూ ఒక మాట అడగండి: ఏ కంపెనీ బోర్డులు, బ్యాక్‌లైట్ పట్టీలు సులువుగా దొరుకుతున్నాయి? వారంటీ అయిపోయాక మీకు అక్కరకొచ్చేది ఆయనే.

ధర, ఈఎంఐ, బిల్లు

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ 18 చూసుకోండి. 'బిల్లు లేకుండా తీసుకుంటే తక్కువకిస్తాం' అంటే వద్దనండి. బిల్లు లేకపోతే వారంటీ లేనట్టే.

నో కాస్ట్ ఈఎంఐ అన్నప్పుడు ముందు నగదు ధర అడగండి. నగదుకు 31 వేలు, ఈఎంఐలో 33 వేలు అయితే ఆ రెండు వేలే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. పొడిగించిన వారంటీ, ఇన్సూరెన్స్ మీకు చెప్పకుండానే ఈఎంఐలో కలిపారేమో సంతకానికి ముందు చదవండి. పొడిగించిన వారంటీ తీసుకుంటే కంపెనీదే తీసుకోండి, అందులో ప్యానెల్ కూడా ఉందని రాసి ఉండాలి. ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన డబ్బు చేతికి వచ్చాక కొనే రైతులు, నెల ముందు నుంచే మోడల్ ధర గమనిస్తూ ఉంటే పండుగ ఆఫర్ నిజమైనదో కాదో తెలిసిపోతుంది.

అట్టపెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రెండేళ్ల కిందటిదైతే ధర ఇంకా తగ్గించమనండి. కరెంటు పొదుపును చుక్కల్లో చూపే బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో కూడా ఉంటుంది. 100 వాట్ల టీవీ రోజుకు ఐదు గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు. రెండు మోడళ్ల మధ్య తటపటాయిస్తుంటే ఇది చూడండి, లేకపోతే దీని గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు.

ఇంటికి వచ్చాక

ఆటోలో తెస్తే పెట్టె నిలబెట్టే తేవాలి, పడుకోబెడితే తెర పగిలే ప్రమాదం ఉంది. పెట్టె విప్పడం మొదలు నుంచి ఫోన్‌లో వీడియో తీయండి. కంపెనీ మనిషే విప్పాలని నియమం ఉంటే అతను వచ్చేదాకా ముట్టకండి. పగులు, చార ఏది కనిపించినా ఆ రోజే ఫిర్యాదు నమోదు చేయించి నంబర్ రాసుకోండి.

గోడకు బిగించేటప్పుడు చాలా ఇళ్లలో ఎత్తు ఎక్కువైపోతుంది. సోఫాలో కూర్చున్న మనిషి కంటికి తెర మధ్యభాగం ఎదురుగా రావాలి, అంటే నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు. కింద కూర్చుని చూసే ఇల్లయితే ఇంకాస్త తగ్గించండి. వానాకాలంలో చెమ్మ పట్టే గోడ, బయట వైపు పైపు పోయే గోడ వద్దు. 2023 జులై వరదల్లో హన్మకొండ, వరంగల్ పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి చోట ఉన్నవాళ్లు టీవీని బల్ల మీద పెట్టకుండా గోడకే బిగించండి, ప్లగ్ బోర్డు కూడా పైకి జరిపించండి.

టీవీ వెనక 100–240 వోల్టులు అని రాసి ఉంటే పట్టణంలో స్టెబిలైజర్ తప్పనిసరి కాదు. మోటార్లు ఎక్కువగా నడిచే ఊళ్లలో, వోల్టేజ్ ఎగిరిపడే చోట పెట్టుకోవడం మంచిది. పిడుగుకు మాత్రం స్టెబిలైజర్ అడ్డం రాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన లేస్తుంటే, ఉరుములు దగ్గరికి రాకముందే ప్లగ్ పీకేయండి, కేబుల్ వైరు కూడా తీయండి. చాలామంది కరెంటు ప్లగ్ తీసి కేబుల్ వైరు వదిలేస్తారు. పిడుగు శక్తి ఆ వైరులోంచి బాక్స్‌కు, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ మీదుగా టీవీ బోర్డుకు చేరుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి, ఎండాకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి.

సెట్టింగుల్లో 'వివిడ్' తీసి 'సినిమా' లేదా 'స్టాండర్డ్' పెట్టండి. మొదటి రెండు రోజులు బొమ్మ పసుపుగా అనిపిస్తుంది, తర్వాత కంటికి హాయిగా ఉంటుంది. బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టి నడపకండి, వెనక ఎల్ఈడీలు తొందరగా పోతాయి. సినిమాలు సీరియల్ తీసినట్టు మరీ నున్నగా కదులుతుంటే మోషన్ స్మూతింగ్ ఆపేయండి.

వారంటీలో ఉండగా కంపెనీ తిప్పించుకుంటుంటే, బిల్లు, ఫిర్యాదు నంబర్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు విలువున్న వస్తువుకు ఫిర్యాదు రుసుము ఉండదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు.

పాత డబ్బా టీవీ ఇంకా మూలన ఉంటే తుక్కు వాళ్లకు వేయకండి. దాని గాజులో సీసం ఉంటుంది, పగలగొడితే అది మట్టిలోకి, నీళ్లలోకి పోతుంది. ఎక్స్చేంజ్‌లో వంద రూపాయలే ఇస్తామన్నా కొత్త టీవీ తెచ్చే రోజే షాపు వాళ్లకు అప్పజెప్పండి.